మినీ ట్రాక్టర్ గరగరమంటే, గేర్‌బాక్స్ విప్పించే ముందు

"ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్, దమ్ము చేసినప్పటి నుంచి గరగరమంటోంది. మెకానిక్ గేర్‌బాక్స్ విప్పాలంటున్నాడు, విప్పించమంటారా?" అని అడిగారు. ఇప్పుడే విప్పించకండి. నేను విప్పించి, దాళ్వా (రబీ వరి) దమ్ముల మధ్యలో, అంటే నాట్లకి ముందు చేలో నీళ్లు పెట్టి బురదగా దున్నుకునే రోజుల్లో, ఆరు రోజులు పోగొట్టుకున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరితోటలో చెట్ల మధ్య తిరగాలి, చేలో దమ్మూ చేయాలి అని 27 హార్స్‌పవర్ బండి తీసుకున్నాం. ఆ ఏడు మూడెకరాల దమ్ము అయ్యాక కాలువ గట్టు మీద ఇంటికొస్తుంటే చప్పుడు మొదలైంది. రోట్లో ఇసుక పోసి నూరుతున్నట్టు. షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ ఇంజను ఆన్ చేయించి, నిలబడి ఉన్న బండినే అర నిమిషం విన్నాడు. అందులో చప్పుడే లేదు. అయినా "ఈ బండ్లకి పోయేది క్లచ్ బేరింగే అండీ" అని తేల్చేశాడు. చప్పుడు ఎప్పుడొస్తోంది, నడుస్తుంటేనా, వెనక మట్టి దున్నే రోటవేటర్ తిప్పితేనా అని ఒక్క మాట అడగలేదు. బండిని రెండు ముక్కలు చేసి, క్లచ్ బేరింగ్, ప్లేటు రెండూ మార్చాడు. అక్కడ చేలో పెట్టిన నీళ్లు ఇంకిపోతున్నాయి, నారు ముదిరిపోతోంది. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది. తీరా బండి తెచ్చుకుంటే ఊరు దాటకముందే మళ్లీ అదే గరగర.

మా వీధి చివర ఒక బాబాయ్ ఉన్నాడు, ముప్పై ఏళ్లు ట్రాక్టర్ తోలినవాడు. ఆయన్ని బతిమాలితే వచ్చాడు. మా దగ్గర అంతా బల్లపరుపు నేల, పల్లం కావాలంటే కాలువ వంతెన దిగే చోటే. అక్కడికి తీసుకెళ్లి, "క్లచ్ తొక్కి న్యూట్రల్ చెయ్యరా, మెల్లగా దానంతటదే దిగనీ" అన్నాడు. పక్కనే నడుస్తూ చెవి పెట్టాడు. చప్పుడు పోలేదు. "ఇది ఇంజనుదీ కాదు, క్లచ్‌దీ కాదు. చక్రంతో పాటు తిరిగేదేదో అరుస్తోంది" అన్నాడు. కుడికి తిప్పమన్నాడు, చప్పుడు పెరిగింది. ఎడమకి తిప్పితే తగ్గింది. కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కదా, అంటే ఎడమ ముందు చక్రం. పది నిమిషాల్లో తేలిపోయింది.

ఇంటికొచ్చి జాకీ పెట్టి, కింద దుంగ వేసి, ఫోర్ వీల్ లివర్ తీసేసి, అంటే ముందు చక్రాలకి ఇంజను లాగుడు ఆపేసి, ఆ చక్రాన్ని చేత్తో తిప్పాం. చక్రం మధ్యలో బేరింగులుండే హబ్ మీద చెయ్యి వేస్తే లోపల గరుకు తెలిసింది. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోంది. విప్పి చూస్తే హబ్ వెనక నైలాన్ దారం! చుట్టలు చుట్టుకుని, వేడికి కరిగి ఉంగరంలా గట్టిపడింది. అది లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీల్‌ని కోసేసింది. ఆ సందులోంచి బురదనీళ్లు లోపలికి పోయాయి. బయటికొచ్చిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది, అందులో ఇనుప రజను మెరుస్తోంది. రెండు బేరింగులు, ఒక సీలు, కొత్త గేర్ ఆయిల్. క్లచ్ పనికి పోసిన డబ్బులో అయిదో వంతు కూడా కాలేదు.

ఆ దారం ఎక్కడిదో నాకు బాగా తెలుసు. రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టేది. తెగితే గట్టు మీద పారేస్తారు, అక్కడి నుంచి డ్రెయిన్‌లోకి, వానొస్తే మా చేలోకి. గుర్రపుడెక్కతో కలిసి తూముల దగ్గర ఉండలు కడుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా క్రాప్ హాలిడే పెట్టినప్పుడు, మురుగు దిగక చేలు మునుగుతున్నాయన్నది కూడా వాళ్ల బాధల్లో ఒకటి. చెరువులు తవ్వుకోవద్దని నేననను. పాత దారం చుట్ట చుట్టి ఒక సంచిలో వేయడానికి ఎంతసేపు పడుతుంది?

మీ బండి సంగతికొస్తే, చప్పుడు ఎప్పుడొస్తోందో ముందు పట్టుకోండి. ఇంజను ఆన్‌లో ఉండి, బండి న్యూట్రల్‌లో నిలబడి ఉండగా క్లచ్ తొక్కితే వచ్చి, వదిలితే పోతే క్లచ్ బేరింగ్‌ని అనుమానించండి. తొక్కితే పోయి, వదిలితే వస్తే గేర్‌బాక్స్ లోపలి బేరింగులు; అప్పుడు విప్పించాల్సిందే. రోటవేటర్‌ని తిప్పే పీటీవో వేసినప్పుడే వస్తే రోటవేటర్ తీసేసి మళ్లీ వినండి, సగం సార్లు జబ్బు దానిదే. నడుస్తుంటేనే వస్తే చక్రాలు చూడండి. దమ్ము చేసిన బండి అంటున్నారు కాబట్టి నా లెక్కలో మీదీ ముందు హబ్బే.

ఇంకో మాట. దమ్ము అయ్యాక ఫోర్ వీల్ లివర్ తీయకుండానే తారు రోడ్డెక్కే కుర్రాళ్లని రోజూ చూస్తున్నాను. ముందు చక్రాలు వెనకవాటికన్నా కాస్త వేగంగా లాగేలా ఆ బండ్లని చేస్తారు. బురదలో జారుతుంది కాబట్టి సరిపోతుంది. గట్టి రోడ్డు మీద జారడానికి లేక ఆ ఒత్తిడి ముందు గేర్ల మీద పడుతుంది. మీ డ్రైవర్‌ని ఇది కూడా అడగండి.

ఈ సాయంత్రం ముందు చక్రాల వెనక టార్చి వేసి చూడండి. దారం కనబడితే కత్తితో కోసి లాగకండి, బాగున్న సీలు కూడా తెగుతుంది. హబ్ విప్పే తీయించండి, తీసేటప్పుడు మీరు పక్కనే ఉండండి.