149 పౌండ్ల డాలు కొనకు తమ్ముడూ

తమ్ముడూ, నీ ఉత్తరం చదివాను. స్విండన్‌లో ఇల్లు కొన్నారు, వచ్చే నెల గృహప్రవేశం. చాలా సంతోషం. ఆఫీసులో ఎవరో "మా ఇంటిపేరుకి ఫ్యామిలీ క్రెస్ట్ ఉంది, మీకూ ఉంటుంది చూసుకోండి" అన్నారని (వంశ చిహ్నమని వాళ్ళ ఉద్దేశం), ఇంటర్నెట్‌లో వెతికితే మీ ఇంటిపేరుతో సింహం బొమ్మ ఉన్న చెక్క డాలు 149 పౌండ్లకు కనపడిందని, గుమ్మానికి ఎదురుగా హాల్లో తగిలిద్దామనుకుంటున్నామని రాశావు. డబ్బు ఇంకా కట్టకపోతే కట్టకు. కట్టేసి ఉంటే ఈ రాత్రే ఆర్డరు రద్దు చేసుకో. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

2002లో మేమూ నీలాగే కొత్త. ఆయనకి లెస్టర్‌లో ఉద్యోగం, నేను ఇంట్లో ఉండేదాన్ని. ఈస్టర్ సెలవులకి ఎడిన్‌బరో వెళ్ళాం. కోట నుంచి కిందికి దిగే రోడ్డు మీద ఒక దుకాణం. లోపల కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు ఇంటిపేరు అడిగాడు. గోరంట్ల అని చెప్పాను. వెతికాడు, దొరకలేదు. ముందు రెండు మూడు అక్షరాలు పట్టుకుని మళ్ళీ వెతికి, "గ్రాంట్. మీదీ ఇదే మూలం అయ్యుంటుంది" అన్నాడు. ఎర్రటి డాలు, దాని మీద మూడు బంగారు కిరీటాలు, పైన మంటలు లేస్తున్న కొండ. 65 పౌండ్లు. అప్పట్లో పౌండు దాదాపు 70 రూపాయలు. తెనాలిలో ఉన్న మా అమ్మకి నెలనెలా పంపే నాలుగు వేల కన్నా ఎక్కువే. అయినా కొన్నాను. ఈ దేశంలో మన పేరుకీ ఒక గుర్తుందంటే కడుపు నిండినట్టయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మరుసటి ఏడు గోంగూర పచ్చడి, మాగాయ సీసాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టాను. లేబుళ్ళు 500 అచ్చు వేయించాను, 90 పౌండ్లు. ప్రతి లేబులు మీదా ఆ మూడు కిరీటాలే. మా వీధి చివర స్కాట్లండ్ నుంచి వచ్చిన రిటైరైన టీచరుగారు ఒకావిడ ఉండేది. సీసా కొనుక్కుని కిటికీ వెలుతురులో తిప్పి చూసి, "ఇది గ్రాంట్ వంశం పెద్ద గారి డాలు కదా, మీ సీసా మీదికి ఎలా వచ్చింది?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ కూర్చోబెట్టి చెప్పింది, నేను కాఫీ ఇచ్చి విన్నాను. ఈ దేశంలో నేను నేర్చుకున్న పాఠాల్లో ఒక్క కాఫీతో వచ్చింది అదొక్కటే, మిగతావన్నీ డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవే.

ఆవిడ చెప్పినదాని సారం ఇది. ఇక్కడ ఇంటిపేరుకి డాలు ఉండదు, మనిషికి ఉంటుంది. ఎప్పుడో ఒక పూర్వీకుడికి అధికారికంగా ఇచ్చిన గుర్తు, తండ్రి నుంచి పిల్లలకి దిగుతూ వస్తుంది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన నీది కాదు. మనకిది అర్థం కానిదేం కాదు. గోరంట్ల వాళ్ళు ఎన్ని కులాల్లో, ఎన్ని గోత్రాల్లో లేరు? ఊరి పేరు ఇంటిపేరైతే వాళ్ళంతా ఒక తాత పిల్లలవుతారా? వరాహ లాంఛనం కాకతీయ ప్రభువులది, ఓరుగల్లులో ఉన్న ప్రతి ఇంటిదీ కాదు. ఇదీ అంతే.

స్కాట్లండ్‌లో మరీ గట్టి. అక్కడ ఈ డాళ్ళ వ్యవహారాలు చూసే లార్డ్ లయన్ అని ఒక అధికారి, ఆయనకి సొంత కోర్టు, ఆ కోర్టుకి సొంత ప్రాసిక్యూటరు. 1672 చట్టంతో మొదలైన రిజిస్టరు ఇప్పటికీ నడుస్తోంది. అందులో లేని డాలు వాడటం నేరం. అన్నదమ్ములైనా సరే, తమ్ముడు తన డాలులో ఏదో ఒక తేడా చేయించి రాయించుకోవాల్సిందే. వంశంలోని మామూలు మనుషులకి పెద్ద గారి క్రెస్టు, అంటే డాలు పైన ఉండే బొమ్మ, చుట్టూ బెల్టు బకిల్ బొమ్మతో, టోపీకి పెట్టుకునే వీలుంది. డాలు మాత్రం ఆయన ఒక్కడిదే. నేను గ్లాస్గోకి కూడా సీసాలు పంపుతున్నాను అప్పుడు! మిగిలిన 380 లేబుళ్ళు ఆ రాత్రే చించేశాను. ఒక్కోటి 18 పెన్నీలు, లెక్క ఇప్పటికీ గుర్తే.

ఇంగ్లండ్‌లో పట్టించుకునేవాళ్ళు తక్కువ గానీ, ఇక్కడా కోర్టు ఉంది. 1954లో మాంచెస్టర్ కార్పొరేషన్, తన డాలును ఒక నాటకశాల తెర పైన పెట్టుకుందని కేసు వేసి గెలిచింది. రెండు వందల ఏళ్ళ తర్వాత ఆ కోర్టు కూర్చోవడం అదే మొదలు. ఖర్చుల కింద ఓడినవాళ్ళకి 300 పౌండ్లు పడింది. 1954లో 300 పౌండ్లంటే ఎంతో ఆలోచించు.

ఇక నువ్వు పంపిన ఫొటో. తెల్ల డాలు మీద పసుపు సింహం. తమ్ముడూ, ఈ డాలు బొమ్మల విద్యలో మొట్టమొదటి సూత్రమే ఇది: తెలుపు అంటే వెండి, పసుపు అంటే బంగారం, లోహం మీద లోహం పెట్టకూడదు, రంగు మీద రంగు పెట్టకూడదు. యుద్ధంలో దూరం నుంచి కనపడాలి కదా. ఎర్రటి మీద బంగారం సరే, వెండి మీద నీలం సరే. ఆ బొమ్మ వేసినవాడికి ఓనమాలు రావు. పైగా మొత్తాన్నీ "క్రెస్ట్" అంటున్నాడు. క్రెస్ట్ అంటే శిరస్త్రాణం మీద నిలబెట్టే బొమ్మ మాత్రమే, నేను కొన్నదానిలో ఆ మండే కొండలాగ.

మన పేరిట సొంతంగా ఒక డాలు తీసుకోవచ్చా అని అడిగావు. తీసుకోవచ్చు, మనవాళ్ళకి అడ్డేమీ లేదు. లండన్‌లో ఈ డాళ్ళు ఇచ్చే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ ఉంది, 1484లో మూడో రిచర్డ్ రాజు పెట్టింది. దాని పైఅధికారి, ఎర్ల్ మార్షల్ అయిన నార్ఫోక్ డ్యూక్ పేరిట అర్జీ పెట్టాలి. పౌరసత్వం, అర్హతలు, రుసుము అన్నీ వాళ్ళ సైటులో ఉన్నాయి, చూసుకో. రుసుము మాత్రం వేల పౌండ్లలో ఉంటుంది, ముందే చెబుతున్నాను. అక్కడి పెద్ద అధికారి గార్టర్‌కి రాజుగారిచ్చే జీతం ఏడాదికి 49 పౌండ్ల 7 పెన్నీలు, ఆయన కింద పనిచేసే హెరాల్డులనే అధికారులకి 17 పౌండ్ల 80 పెన్నీలు. అందుకే వాళ్ళ బతుకంతా ఈ రుసుముల మీదే. కొత్త ఇంటి వాయిదాలు కడుతున్నవాడివి నువ్వు. ఇల్లు తీరాక, పిల్లల చదువులయ్యాక చూద్దువు గాని.

నేనూ ఒకసారి వెళ్ళి అడిగి వచ్చాను. డ్యూటీలో ఉన్న అధికారి ఎంతో మర్యాదగా మాట్లాడారు, ఆ మాటలకి పైసా అడగలేదు. చేత్తో రాసిన ఒక సనదు చూపించారు. తోలు కాగితం మీద నల్లటి అక్షరాలు, పై మూలలో రంగుల డాలు, కింద రిబ్బన్లకి వేలాడే ముద్రలు. సింహం పంజాకున్న గోళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడ్డాయి. మా ఇంట్లో ఉన్న బొమ్మకి అప్పటికే బంగారు రంగు పెచ్చులు ఊడి కింద తెల్లటి ప్లాస్టిక్ బయటపడింది.

ఇప్పుడు నా సీసాల మీద గోంగూర ఆకు ఉంటుంది, మా అమ్మాయి గీసింది. డాలు కాదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. నువ్వూ గుమ్మానికి మామిడాకులు కట్టు, ఎదురుగా మీ తాతగారి ఫొటో పెట్టు. ఈ 149 పౌండ్లు బాయిలర్ రిపేరు కోసం పక్కన పెట్టు, మొదటి చలికాలంలో కచ్చితంగా పని పడుతుంది. పిల్లవాడికి సింహాలు ఇష్టమని రాశావు కదా, సెలవు రోజు కాకుండా మామూలు రోజున లండన్ తీసుకెళ్ళు. సెయింట్ పాల్స్ స్టేషన్‌లో దిగితే ఆ కాలేజ్ ఉన్న క్వీన్ విక్టోరియా స్ట్రీట్ నడక దూరమే. పులిహోర కట్టుకుని వెళ్ళండి, అక్కడ ముగ్గురు శాండ్‌విచ్‌లు తింటే పాతిక పౌండ్లు అవుతాయి.