పెట్టె సర్దే ముందు చదువుకో తల్లీ

ప్రియమైన తల్లీ,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో! దేవుని పని మీద వేరే దేశానికి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్తున్నానని, ఏమేం సర్దుకోవాలో రాయమని అడిగావు. రాస్తాను గానీ, ముందు నీ వీసా మీద ఏమని ఉందో చూసుకో. జీతం తీసుకోకపోయినా సరే, పాఠం చెప్పడాన్ని చాలా దేశాలు పనిగానే లెక్కగడతాయి. టూరిస్టు వీసాతో వెళ్లి తరగతిలో నిలబడితే అక్కడి చట్టం ప్రకారం తప్పు కావచ్చు. "అందరూ అలాగే వస్తున్నారు, వచ్చాక చూసుకుందాం" అని ఎవరైనా అంటే వినకు. ఏ వీసా కావాలో ఆ దేశపు రాయబార కార్యాలయాన్నే అడుగు. దేవుని పని మీద వెళ్తూ ఇమ్మిగ్రేషన్ అధికారికి అబద్ధం చెప్పే స్థితి తెచ్చుకోవద్దు.

పాస్‌పోర్టుకి ఇంకా కనీసం ఆరు నెలల గడువు, కొన్ని ఖాళీ పేజీలు ఉండేలా చూసుకో. డిగ్రీ పట్టా, పోలీసు క్లియరెన్సు కాగితం మీద అపోస్టిల్ ముద్ర, అంటే ఆ కాగితం అసలైనదేనని మన ప్రభుత్వం వేసే ముద్ర, అడుగుతారేమో కనుక్కో. 1961 నాటి హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉంటే ఆ ఒక్క ముద్రతో సరిపోతుంది. లేకపోతే రాయబార కార్యాలయం చుట్టూ కూడా తిరగాలి. ఈ పనులకి వారాలు పడతాయి.

టీకాలదీ అదే సంగతి. ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న పది రోజులకి గానీ దాని సర్టిఫికెట్ చెల్లదు. మలేరియా ఉన్న చోటైతే మాత్రలు వెళ్లకముందే మొదలుపెట్టాలి, తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు వాడాలి. మధ్యలో ఆపేయకు. నువ్వు రోజూ వేసుకునే మందులు వాటి అసలు పెట్టెల్లోనే, డాక్టరు చీటీతో సహా పట్టుకెళ్లు. ఒక దేశంలో మామూలు దగ్గు మందు ఇంకో దేశంలో నిషేధం కావచ్చు, ముందే అడిగి తెలుసుకో. జబ్బుపడితే, అవసరాన్నిబట్టి నిన్ను విమానంలో వేరే చోటికి తరలించే ఖర్చు కూడా ఇచ్చే ఇన్సూరెన్సు తీసుకో. తిరుగు ప్రయాణం డబ్బు విడిగా పెట్టుకుని దాన్ని ముట్టుకోకు.

ఇప్పుడు అసలు విషయం. నీకు ఇంగ్లీషు బాగా వచ్చు. అంతమాత్రాన చెప్పడం వచ్చేసినట్టు కాదమ్మా. నా మొదటి తరగతి ఇప్పటికీ కళ్లముందు ఉంటుంది. నలభై నిమిషాలు నేనే మాట్లాడాను. పిల్లలు నవ్వుతూ తలలూపారు. ఎంత బాగా చెప్పానో అనుకున్నాను. బయటికొస్తుంటే వెనక కూర్చున్న పెద్దావిడ, ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న టీచరు, మెల్లగా అడిగారు: "ఇవాళ పిల్లల నోటి నుంచి ఎన్ని వాక్యాలు వచ్చాయి?" ఒక్కటీ రాలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. అంత దూరం నుంచి వచ్చి వాళ్ల సమయాన్ని నేను తినేశాను.

అందుకే వెళ్లేముందు 120 గంటల టెఫ్ల్ (TEFL) కోర్సు, అంటే ఇంగ్లీషు తల్లిభాష కానివాళ్లకి దాన్ని ఎలా చెప్పాలో నేర్పే కోర్సు, ఒకటి చెయ్యి. నిజమైన విద్యార్థుల ముందు పాఠం చెప్పించేదైతేనే చేరు, వీడియోలు చూపించి సర్టిఫికెట్ ఇచ్చేది వద్దు. అది కుదరకపోతే ఇంగ్లీషు నేర్చుకుంటున్న నలుగురిని కూర్చోబెట్టుకుని రోజూ అరగంట చెప్పు. ఒక్కో పాఠానికి ఒకే లక్ష్యం పెట్టుకో. "గంట అయ్యేసరికి కొట్లో తనకు కావలసింది అడగగలగాలి", అంతే. ముందు నువ్వు అని చూపించు, తర్వాత అందరిచేత కలిపి అనిపించు, ఆపైన ఇద్దరిద్దరు ఒకరినొకరు అడగాలి, చివర్న చూడకుండా చెప్పాలి. "అర్థమైందా?" అని అడగకు. అర్థం కాకపోయినా అవుననే అంటారు. అర్థమైతేనే చేయగలిగే పని ఒకటి ఇచ్చి చూడు. తప్పు చేసిన ప్రతిసారీ ఆపావంటే మాట్లాడటమే మానేస్తారు.

ఇంగ్లీషు నీ తల్లిభాష కాదని దిగులుపడ్డావు. ఆ దిగులు వదిలెయ్. "ఎ" ఎక్కడ పెట్టాలి, "ది" ఎక్కడ పెట్టాలి అని తికమకపడ్డ రోజులు నీకు గుర్తున్నాయి. పుట్టుకతో ఆ భాష వచ్చినవాళ్లు ఆ తికమకని చదివి తెలుసుకోవాలి. నువ్వు పడి తెలుసుకున్నావు.

ఇంకొకటి, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. ఇంగ్లీషు తరగతిని ఎర చెయ్యకు. ఇంగ్లీషు నేర్పుతామని పిలిచి దేవుని వాక్యం చెబితే, వచ్చినవాళ్లని మోసం చేసినట్టే. బైబిలు స్టడీ పెడితే వేరే సమయంలో పెట్టు, అదేమిటో ముందే చెప్పు, రానివాళ్ల మీద చిన్నచూపు ఉండకూడదు. పిల్లలైతే తల్లిదండ్రులకి తెలియాలి. అక్కడి చట్టం కూడా చదువు. ఉదాహరణకి నేపాల్‌లో 2015 రాజ్యాంగం 26వ అధికరణం ఇతరుల మతం మార్చడాన్ని నిషేధించింది. నువ్వు తొందరపడి ఏదైనా చేస్తే నిన్ను వెనక్కి పంపుతారు, కానీ అక్కడి విశ్వాసులు అక్కడే ఉండి దాని ఫలితం మోయాలి. ఎవరైనా "ఎందుకొచ్చావు?" అని అడిగితే దాచకుండా, నెమ్మదిగా చెప్పు. పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకు. చందాల కోసం వాళ్ల ఫొటోలు సంఘానికి పంపకు.

ఇక సర్దుడు. నా మొదటి పెట్టె నిండా వ్యాకరణ పుస్తకాలే, సగం తెరవనేలేదు. నువ్వు తీసుకెళ్లాల్సినవి తేలికైనవి: బొమ్మల కార్డులు, మెత్తటి బంతి, పాచికలు, సన్నటి తాడు, బట్టల క్లిప్పులు, మీ ఇంట్లోవాళ్ల ఫొటోలు ఓ పది. బంతి విసిరి ప్రశ్న అడుగు, పట్టుకున్నవాళ్లు జవాబు చెప్పి ఇంకొకరికి విసురుతారు. మాట పెగలని పిల్ల కూడా ఆటలో మాట్లాడేస్తుంది. తాడు గోడకి కట్టి వాళ్లు రాసినవి క్లిప్పులతో వేలాడదీయి. కరెంటు ఉన్నా లేకపోయినా ఇవన్నీ పనిచేస్తాయి.

పవర్ బ్యాంకు చేతిసంచిలోనే పెట్టు, చెకిన్ సామానులో ఒప్పుకోరు. దాని సామర్థ్యం 100 వాట్-అవర్ల లోపైతే మామూలుగా ఇబ్బంది ఉండదు. కాగితాలు, మందులు, ఒక జత బట్టలు, మొదటి వారం పాఠాలు కూడా చేతిసంచిలోనే. పెట్టె ఆలస్యమైనా తరగతి ఆగకూడదు. మిగతా బట్టల గురించి అక్కడ పనిచేసే ఆడవాళ్లనే అడుగు. రోజంతా నిలబడగలిగే చెప్పులు మాత్రం కొత్తవి కొనకు, అలవాటైనవే వేసుకెళ్లు. బైబిలు నీ కోసం ఒకటి చాలు. కట్టలు కట్టలుగా మోసుకెళ్తే కొన్ని దేశాల కస్టమ్స్ దగ్గర చిక్కే.

బైబిల్లో పౌలు భక్తుడు కూడా త్రోయ పట్టణంలో వదిలొచ్చిన అంగీని, పుస్తకాలని తెమ్మని తన శిష్యుడు తిమోతికి కబురు పంపాడు. నీకూ ఏదో ఒకటి మర్చిపోయావని అక్కడికెళ్లాక గుర్తొస్తుంది, కంగారుపడకు, రాయి, పంపిస్తాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి రా. నీ మొదటి పాఠం నాకు చెప్పి చూపించు. నేను ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా రాని పిల్లలా ఎదురుగా కూర్చుంటాను. బంతి మాత్రం తెచ్చుకో.

ప్రార్థనలతో,
మీ పెద్దమ్మ