బ్యాకప్ మొదలవగానే సర్వర్‌కు నెట్‌వర్క్ పోతోందా? పవర్ బటన్ నొక్కే ముందు స్క్రీన్ చూడండి

కరీంనగర్ నుంచి మీరు అడిగింది ఇది: కోచింగ్ సెంటర్‌లో ఒక పాత ఆఫీసు డెస్క్‌టాప్ మీద ప్రాక్స్‌మాక్స్ (ఒకే కంప్యూటర్ లోపల పలు కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్) వేసి మూడు వర్చువల్ మెషీన్లు, అంటే అలాంటి లోపలి కంప్యూటర్లు, నడుపుతున్నారు. రాత్రి బ్యాకప్ మొదలైన కాసేపటికి నెట్‌వర్క్ పోతోంది. పింగ్‌కు (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) జవాబు రాదు, మేనేజ్‌మెంట్ పేజీ తెరుచుకోదు. పొద్దున వచ్చి పవర్ బటన్ నొక్కి మళ్ళీ ఆన్ చేస్తే అంతా మామూలే. మదర్‌బోర్డు పోయిందని షాపతను అంటున్నాడు, మార్చాలా అని.

అప్పుడే మార్చకండి. ఇదే రోగంతో నేను ఒక మిర్చి సీజన్ అంతా పడ్డాను.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణానికి కంప్యూటర్లు చూస్తుంటాను. తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) కొట్టే బిల్లింగ్, ట్యాలీ ఒక విండోస్ వర్చువల్ మెషీన్‌లో, ఫైళ్ళు ఇంకో లినక్స్ మెషీన్‌లో. మొదట ప్రాక్స్‌మాక్స్ లాంటిదే వీఎంవేర్ వాళ్ళ ఈఎస్ఎక్స్ఐ ఉండేది. దాని ఉచిత వెర్షన్ 2024 మొదట్లో ఆగిపోయినప్పుడు (2025లో మళ్ళీ ఇచ్చారులెండి) చాలామందిలాగే నేనూ ప్రాక్స్‌మాక్స్‌కు మారాను. మారినప్పుడు బాగానే ఉంది. సీజన్ మొదలై డేటా పెరిగాక, రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే ఫోన్: "అన్నా, మల్ల బందయింది. సేటు గరమైతుండు."

ముందు కేబుల్‌ను అనుమానించాను. ఎందుకంటే ఒకరోజు కేబుల్ పీకి పెడితే సర్వర్ లేచి కూర్చుంది. కొత్త కేబుల్ వేశాను, నాలుగు రోజులకు మళ్ళీ అదే. తర్వాత స్విచ్ మార్చాను. ఇన్వర్టర్ మీదికి మారేటప్పుడు కరెంటు తేడా వస్తోందేమోనని యూపీఎస్ పెట్టించాను. చివరికి మిర్చి దుమ్మే కారణమని తీర్మానించి క్యాబినెట్ విప్పి బ్లోయర్ పెట్టాను. ఆ గదిలో అరగంట అందరం తుమ్ముతూనే ఉన్నాం. దుమ్ము పోయింది, జబ్బు పోలేదు.

అసలు సంగతి తెలిసింది ఒక రాత్రి నేనే అక్కడ కూర్చున్నప్పుడు. నెట్‌వర్క్ పోయింది. ఈసారి బటన్ ముట్టుకోకుండా సర్వర్‌కు మానిటర్, కీబోర్డు తగిలించాను. లాగిన్ అయింది! అంటే మెషీన్ చావలేదు. ఆ కన్సోల్ నుంచి విండోస్ మెషీన్‌కు పింగ్ కొడితే జవాబు వస్తోంది, బయట ఉన్న రౌటర్‌కు మాత్రం రావడం లేదు. వర్చువల్ మెషీన్లన్నీ వీఎంబీఆర్0 అనే సాఫ్ట్‌వేర్ బ్రిడ్జ్ ద్వారా తమలో తాము మాట్లాడుకుంటాయి, దానికి అసలు నెట్‌వర్క్ కార్డుతో పనిలేదు. బయటికి వెళ్ళే దారి ఒక్కటే, ఆ కార్డు. మూసుకుపోయింది అదే. ఇంత తేలిగ్గా తేలే విషయానికి నెలన్నరగా బటన్ నొక్కుతూ కూర్చున్నానని నామీద నాకే కోపం వచ్చింది.

మీరూ ముందు ఈ పని చేయండి. రీస్టార్ట్ చేసేసి ఉంటే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కు చిన్న కె ఆప్షన్, ఆ పక్కన బి ఆప్షన్‌తో మైనస్ 1 ఇవ్వండి. అంతకుముందు బూట్‌లోని కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) లాగ్ వస్తుంది. నెట్‌వర్క్ పోయిన టైమ్ దగ్గరికి వెళ్ళి చూడండి. నాకు కనిపించింది ఈ1000ఈ డ్రైవర్ పేరుతో "డిటెక్టెడ్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్" అన్న లైను, రెండేసి సెకన్లకు ఒకసారి, పేజీలకు పేజీలు. దాని కింద టీడీహెచ్, టీడీటీ అని రెండు విలువలు ఉంటాయి. పంపాల్సిన ప్యాకెట్ల వివరాలను డ్రైవర్ ఒక గుండ్రటి క్యూలో తోక వైపు పెడుతూ పోతుంది, కార్డు తల వైపు నుంచి తీసి పంపుతుంది. టీడీహెచ్ అంటే తల, టీడీటీ అంటే తోక. మాకు తల విలువ కదలకుండా అక్కడే ఉండిపోయింది. గేటు దగ్గర కాంటా ఆగితే వెనక మిర్చి ట్రాలీలు బారులు తీరినట్టే.

కేబుల్ పీకితే ఎందుకు లేచిందో కూడా అప్పుడే అర్థమైంది. లింక్ పోయినప్పుడు క్యూలో పని మిగిలి ఉంటే ఈ డ్రైవర్ కార్డును రీసెట్ చేస్తుంది. పాపం కేబుల్‌కు ఏ పాపమూ తెలియదు.

ఆఫీసు డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీదే వచ్చే ఐ217, ఐ219 రకం కార్డులు ఈ డ్రైవర్ మీదే నడుస్తాయి, ఈ హ్యాంగ్ వాటిలో చాలామంది చూసిందే. మీది ఏదో తెలుసుకోవాలంటే నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు చూసే, మార్చే ఈథ్‌టూల్ కమాండ్‌కు చిన్న ఐ ఆప్షన్, కార్డు పేరు ఇవ్వండి. డ్రైవర్ పేరు, వెర్షన్ చెబుతుంది. ఈథ్‌టూల్ లేకపోతే ఏపీటీతో ఇన్‌స్టాల్ చేసుకోండి.

మరి బ్యాకప్ అప్పుడే ఎందుకు? మామూలు ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్‌కు 1500 బైట్ల హద్దు. టీసీపీ డేటాను ఆ సైజుకు ముక్కలు చేసే పని ప్రాసెసర్‌కు భారమని, 64 కేబీ వరకు ఒకే ముద్దగా కార్డుకు ఇచ్చేసి "నువ్వే కోసుకో" అంటారు. దీని పేరు టీఎస్ఓ. బ్యాకప్ అంటే సర్వర్ నుంచి నాస్‌కు (నెట్‌వర్క్‌లో ఉండే స్టోరేజ్ పెట్టె) గంటల తరబడి ఎడతెగకుండా పంపడమే కదా, కార్డు మీద ఈ కోత పని అప్పుడే ఎక్కువ. పగలు బిల్లులు కొట్టే ట్రాఫిక్‌కు దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

అందుకే మందు కూడా అక్కడే. ఈథ్‌టూల్‌కు ఈసారి పెద్ద కె ఆప్షన్, కార్డు పేరు (నాది ఈఎన్ఓ1), ఆ తర్వాత టీఎస్ఓ ఆఫ్, జీఎస్ఓ (ఇదే కోతను కార్డుకు ఇచ్చే ముందు సాఫ్ట్‌వేర్‌లో చేసే పద్ధతి) ఆఫ్. చిన్న కె అయితే ఉన్న సెట్టింగులు చూపిస్తుంది, పెద్ద కె మారుస్తుంది, ఇక్కడ తికమక పడకండి. వెంటనే అమల్లోకి వస్తుంది, రీస్టార్ట్ అక్కర్లేదు. ప్రాసెసర్ మీద కొంచెం భారం పెరుగుతుంది కానీ 1 గిగాబిట్ లింక్‌కు నాకైతే తేడా తెలియలేదు.

కానీ రీస్టార్ట్ అయితే ఇది పోతుంది. ఉండాలంటే ఈటీసీలోని నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఇంటర్‌ఫేసెస్ ఫైల్ తెరిచి, పోస్ట్-అప్ అని మొదలుపెట్టి ఇదే కమాండ్‌ను ఒక లైనుగా రాయాలి. ఎక్కడ రాయాలి అన్నదే ముఖ్యం. నేను మొదట వీఎంబీఆర్0 కింద, కార్డు పేరు బదులు బ్రిడ్జ్ పేరే ఇచ్చి రాశాను. బ్రిడ్జ్ సెట్టింగ్ మారింది, అసలు కార్డు సెట్టింగ్ అలాగే ఉంది, కరెంటు పోయి వచ్చిన మర్నాడే మళ్ళీ ఫోన్! అసలు కార్డు ఐఫేస్ లైను కిందే, కార్డు పేరుతో రాయండి. ఒకసారి రీస్టార్ట్ చేసి, చిన్న కె తో టీఎస్ఓ ఆఫ్ అనే ఉందో లేదో చూసుకోండి.

పరీక్షకు పింగ్ పనికిరాదు, అది చిటికెడు ప్యాకెట్. పక్క కంప్యూటర్‌లో ఐపెర్ఫ్3 (నెట్‌వర్క్ వేగం కొలిచే ప్రోగ్రామ్) సర్వర్ మోడ్‌లో పెట్టి, ప్రాక్స్‌మాక్స్ నుంచి క్లయింట్‌గా గంటసేపు పంపించండి. దిశ ముఖ్యం, పంపేది మీ సర్వరే కావాలి. నేను ముందు టీఎస్ఓ ఆన్‌లో పెట్టి ఇరవై నిమిషాల్లో హ్యాంగ్ రప్పించాను, తర్వాత ఆఫ్‌లో పెట్టి రాత్రంతా నడిపాను. అప్పుడు గానీ సేటుకు "అయిపోయింది" అని చెప్పే ధైర్యం రాలేదు.

ఎప్పుడైనా మళ్ళీ హ్యాంగ్ అయితే పవర్ బటన్ మాత్రం వద్దు. నడుస్తున్న డేటాబేస్‌కు అది మంచిది కాదు. కన్సోల్ దగ్గర కూర్చుని మాడ్‌ప్రోబ్ కమాండ్‌తో డ్రైవర్‌ను తీసేసి, మళ్ళీ వేసి, ఐఎఫ్‌రీలోడ్ కమాండ్‌కు ఎ ఆప్షన్ ఇస్తే కార్డు తిరిగి బ్రిడ్జ్‌లో చేరుతుంది. వర్చువల్ మెషీన్లు ఆగవు. దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అయ్యే పద్ధతి) ఉండి మాత్రం చేయకండి, కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే.

అందరికీ కాకుండా ఒక్క విండోస్ మెషీన్‌కే నెట్‌వర్క్ పోతుంటే అది వేరే కథ. దాని హార్డ్‌వేర్ పేజీలో నెట్‌వర్క్ కార్డు మోడల్ ఈ1000 అని ఉంటే వర్ట్ఐఓకు (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన కార్డు మోడల్) మార్చండి. ముందే ఆ డ్రైవర్ల ఐఎస్ఓ విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసి, పాత ఐపీ వివరాలు కాగితం మీద రాసి పెట్టుకోండి. విండోస్ దాన్ని కొత్త కార్డుగా చూస్తుంది కాబట్టి ఐపీ మళ్ళీ ఇవ్వాల్సి వస్తుంది.

సమస్య కెర్నల్ అప్‌డేట్ తర్వాతే మొదలైందా? అయితే బూట్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని రెండు రాత్రులు నడిపి చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా ఆగకపోతే అప్పుడు విడిగా ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ నెట్‌వర్క్ కార్డు వేసుకోవచ్చు, మదర్‌బోర్డు కంటే ఎంతో చవక. మీ లాగ్‌లో నేను చెప్పిన లైను కాకుండా ఇంకేదైనా ఉంటే, నెట్‌వర్క్ పోయిన నిమిషం చుట్టూ ఉన్న ఇరవై లైన్లు, డ్రైవర్ పేరు ఇక్కడే పెట్టండి, చూస్తాను.