విత్తనాల పనికి వెళ్తున్న మేనకోడలికి

తల్లీ,

ఉద్యోగం మానేసి జహీరాబాద్ పల్లెల్లో ఆడవాళ్లతో కలిసి పాత విత్తనాల పని చేస్తానన్నావట. మీ నాన్న ఫోన్లో మండిపడ్డాడు. నేను గర్వపడ్డాను కానీ, ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

లెక్కలు ఏ రోజువి ఆ రోజే రాయి. చివరి బస్సు తప్పితే ఎవరింట్లో పడుకుంటావో ముందే మాట్లాడుకో. కొర్రలు, సామలు ఒంటికి మంచివని వాళ్లకు పాఠాలు చెప్పకు. చేలో దొగ్గలికూర కనిపిస్తే కలుపని పీకేయకు, చీవాట్లు తింటావు.

నా భయమంతా విత్తనం ఎవరింట్లో ఉంటుందన్నదే. ఒక సంస్థ, పేరెందుకులే, ఊరూరా విత్తనాలు సేకరించి పట్నంలో గది కట్టింది. ప్లాస్టిక్ డబ్బాలు, వాటికి చీటీలు, తలుపుకు తాళం. ఆడవాళ్లు నమ్మి ఇంట్లో ఉన్నదంతా ఇచ్చేశారు. ఎండలో ఆరబోసిన గింజ రాత్రంతా చల్లారాక కానీ మూత పెట్టకూడదు, పంటి కింద టక్కున విరగాలి. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, వేడి మీదే మూతలు బిగించారు. మృగశిర కార్తె వచ్చి వాన పడింది. వీళ్లు చేటలు పట్టుకుని వెళ్తే తాళం చెవి ఉన్నాయన హైదరాబాద్‌లో ఏదో సభలో ఉన్నాడు. అదును దాటాక తలుపు తీశారు. అనుముల డబ్బాలో పిండి, పురుగులు. జొన్నలకు బూజు. ఒక ముసలమ్మ మాత్రం సంస్థవాళ్ల కళ్లుగప్పి నాలుగు పచ్చజొన్న కంకులు దూలానికి వేలాడదీసింది. ఆ ఊళ్లో పచ్చజొన్న అలా బతికింది. అనుములు మళ్లీ మొలవలేదు.

అందుకే చెబుతున్నాను, నీ పేరుతో గది కట్టకు. పేడతో అలికిన బుట్ట, బూడిద, వేపాకు, మట్టితో మెత్తిన మూత వాళ్ల దగ్గర ఉన్నాయి. ఇంటింటా ఉంటే ఒకరిది పోయినా పక్కింట్లో దొరుకుతుంది. తీసుకున్నవాళ్లు పంట వచ్చాక కాస్త ఎక్కువే కొలిచి ఇస్తారు. నువ్వు ఎవరి దగ్గర ఏముందో రాసుకుంటే చాలు.

పాత పంటల కోసం ఆడవాళ్లతో కలిసి పనిచేసే పస్తాపూర్ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి వెళ్లి చూడు. అది 1983లో మొదలైంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన పి.వి.సతీష్ గారు దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన మనిషి, అయినా కెమెరా దళిత రైతు మహిళల చేతికిచ్చారు. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెడితే మైకు ముందు కూర్చున్నదీ వాళ్లే. ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం చేసుకున్న 2023లోనే ఆయన పోయారు. 2013 ఆహార భద్రత చట్టం జొన్నల్లాంటి ముతక ధాన్యాలు కిలో రూపాయికి ఇస్తామన్నా, మన రేషన్ దుకాణాల్లో ఏళ్ల తరబడి బియ్యమే కనిపించింది. కొట్లాడటానికి నీకు పని మిగిలే ఉంది, దిగులుపడకు.

వేళకు తిను మొద్దూ! ఊరందరి తిండి కోసం తిరుగుతూ నువ్వు పస్తుండటం నీకు అలవాటే. డబ్బు కావాలంటే నాన్నను అడగకు, నాకు ఫోన్ చెయ్యి. మోకాళ్లు సహకరిస్తే సంక్రాంతికి పాత పంటల జాతరకు నేనే వస్తాను. నాకోసం గుప్పెడు అనుములు ఎవరి దగ్గరైనా దొరుకుతాయేమో అడిగి పెట్టు.

మీ అత్తయ్య