నడివయసులో దారి మార్పు: ఎవరిని ఏమడగాలి?

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చాలా ఏళ్ళుగా టెస్టింగ్ పని చేస్తున్నాను. ఆటిజం ఉన్న మా అక్క కొడుకును థెరపీకి తీసుకువెళ్ళడం మొదలుపెట్టాక, అలాంటి పిల్లలకు చదువు చెప్పే పనిలోకి వెళ్ళాలన్న కోరిక బలపడింది. మావారు సరేనన్నారు. అత్తగారు మాత్రం ‘చేతిలో ఉన్న జీతం వదులుకుంటావా?’ అని బాధపడుతున్నారు. ఇంతకాలం ఎవరినీ ఏమీ అడగకుండా నెట్టుకొచ్చినదాన్ని. ఇప్పుడు అందరి సాయమూ అడగాలంటే మొహమాటంగా ఉంది.
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అందరినీ అన్నీ అడగాలనుకుంటున్నందువల్లే మీకింత మొహమాటంగా ఉందని నాకనిపిస్తోంది. ఎవరు ఏది ఇవ్వగలరో విడదీసి చూసుకుంటే, ఒక్కొక్కరిని అడగవలసింది చాలా కొద్దిగానే మిగులుతుంది.

ముందుగా, కొత్త పని గురించిన సమాచారం కోసం మీ దగ్గరివాళ్ళ మీద ఆధారపడకండి. వారికి ప్రేమ లేక కాదు, వారికి తెలిసిన లోకమూ మీకు తెలిసిన లోకమూ దాదాపు ఒకటే కావడం వల్ల. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. బోస్టన్ సమీపంలోని న్యూటన్‌లో, తెలిసినవారి ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించుకున్న వారిని ఆయన ప్రశ్నించగా, ఆ కబురు చెప్పిన మనిషిని తరచుగా కలిసేవాళ్ళమన్నవారు 16.7 శాతమే, అప్పుడప్పుడూ కలిసేవాళ్ళమన్నవారు 55.6 శాతం, అరుదుగా కలిసేవాళ్ళమన్నవారు 27.8 శాతం. మీ విషయంలో ఆ ముఖపరిచయస్తులు ఇప్పటికే ఉన్నారు: మీ అక్క కొడుకుకు పాఠం చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్, థెరపీ గది బయట బెంచీ మీద మీ పక్కన కూర్చునే తల్లులు. ‘నాకేదైనా దారి చూపించండి’ అని అడిగితే ఎవరైనా తడబడతారు. ‘మీరు ఏ కోర్సు చేశారు, మొదటి ఏడాది జీతం ఎంత వచ్చింది, ఒక శనివారం మీ తరగతిలో వెనక కూర్చుని చూడవచ్చునా?’ అని అడిగితే పది నిమిషాల్లో జవాబు వస్తుంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ మేధో వికలాంగుల సాధికారత సంస్థలో చదివినవారు వారిలో ఎవరైనా ఉంటే, వారి పరిచయాన్ని వదులుకోకండి. ఈ వృత్తికి భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చదివి, ఆ మండలిలో పేరు నమోదు చేసుకోవాలని 1992 నాటి చట్టం చెబుతోంది కాబట్టి, ఏ సంస్థలోనైనా ఫీజు కట్టేముందు ఆ గుర్తింపు ఉందో లేదో తప్పక చూసుకోండి.

దగ్గరివాళ్ళను అడగవలసింది సమయం. మీవారు ‘సరే’ అన్నది మంచి మాటే, కానీ అది ఇంకా పని రూపంలోకి రాలేదు. ప్రాక్టికల్స్ ఉన్న రోజుల్లో పొద్దున టిఫిను ఎవరు చేస్తారు, ఇంట్లోవాళ్ళకు జ్వరం వస్తే సెలవు ఎవరు పెడతారు అన్నవి ఇప్పుడే మాట్లాడుకోండి. అలాగని మీ భయాలన్నీ రాత్రి ఆయన ఒక్కరి ముందే కుమ్మరించకండి. ఇంటి ఖర్చు భారం పెరగబోయే మనిషికి ధైర్యం చెప్పే బాధ్యత కూడా పూర్తిగా అప్పగించడం న్యాయం కాదు. అందుకు మీ అక్కగారున్నారు, ఆమెకు ఈ ప్రపంచం మీకంటే బాగా తెలుసు.

మీ అత్తగారిని వ్యతిరేకి కింద లెక్క వేయకండి. ఆమె అడిగింది డబ్బు ప్రశ్న. దానికి జవాబు అంకెల్లోనే చెప్పాలి. ఎన్ని నెలల ఖర్చు బ్యాంకులో ఉంది, ఇంటి ఈఎంఐ ఎవరి జీతంలోంచి పోతుంది, కంపెనీ ఆరోగ్య బీమాలో ఆమె పేరు ఉంటే మీరు మానేశాక ఏం చేస్తారు అన్నవి కాగితం మీద రాసి చూపించండి. ఈ మూడో ప్రశ్న చాలామంది మరచిపోతారు. కంపెనీ పాలసీ నుంచి అదే బీమా సంస్థలోని వ్యక్తిగత పాలసీకి మారే వీలును రాజీనామా ఇవ్వకముందే హెచ్‌ఆర్ విభాగంలో కనుక్కోండి. చేబదులు అవసరమైతే తీసుకోండి, కానీ తేదీ రాసుకుని తీసుకోండి. అప్పు, ఆప్యాయత కలగలిస్తే రెండూ చెడతాయి.

ప్రశ్న: మా తమ్ముడికి 47 ఏళ్ళు. మెడికల్ రిప్రజెంటేటివ్ ఉద్యోగం మానేసి కొత్త పని వెతుక్కుంటున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా ‘ఏమైంది?’ అని అడుగుతుంటే విసుక్కుంటున్నాడు. నేనెలా సాయపడాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రోజూ ఫలితం అడగడం మానేయండి. చెప్పడానికి కబురు లేని రోజున ఆ ప్రశ్న నిందలాగే వినబడుతుంది. ‘నీ పని మీద నేనెవరితోనైనా మాట్లాడాలా?’ అని ఒక్కసారి అడిగి, అతను పేరు చెబితే ఆ వారంలోనే మాట్లాడి, ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. మీకు తెలిసిన మందుల దుకాణదారులూ డాక్టర్లూ అతనికీ తెలిసే ఉంటారు కాబట్టి, ఆ రంగానికి బయట మీకున్న పరిచయాలే అతనికి ఎక్కువ పనికివస్తాయి. మిగిలిన ఫోన్లలో ఇంటి విషయాలు, పిల్లల చదువులు మాట్లాడుకోండి.