100 దగ్గరే ఆగిపోతున్న లింకు: ముందు చివర్లు చూడండి

రూటర్, కంప్యూటర్ రెండూ గిగాబిట్‌వే (అంటే సెకనుకు 1000 మెగాబిట్లు, 1000 ఎంబీపీఎస్, అందుకోగలవే) అయినా గోడలోంచి వేసిన నెట్‌వర్క్ కేబుల్ మీద లింకు 100 ఎంబీపీఎస్ దాటడం లేదనీ, చిన్న ప్యాచ్ కేబుల్‌తో నేరుగా కలిపితే 1000 వస్తోందనీ మీరు రాశారు. అంటే లోపం పరికరాల్లో లేదు. గోడ కేబుల్‌లోనో, ఎక్కువగా దాని చివర్లలోనో ఉంటుంది. కేబుల్‌లోని ఎనిమిది తీగలు రెండేసి మెలితిరిగి నాలుగు జతలుగా ఉంటాయి. 100 వేగానికి 1, 2, 3, 6 పిన్నుల మీది రెండు జతలు చాలు గానీ, గిగాబిట్‌కు నాలుగు జతలూ కలవాలి. అందుకే 4, 5, 7, 8 పిన్నులకు వెళ్లే నీలం, గోధుమ రంగు జతలను ముందుగా అనుమానించండి.

సాకెట్ విప్పి, ఒక్కో తీగ గాడిలో అడుగుదాకా దిగిందో లేదో టార్చి వేసి చూడండి. పైకి సరిగ్గా కూర్చున్నట్టే కనిపించే తీగ, వేలితో మెల్లగా లాగితే చటుక్కున ఊడి రావడం నాకు చాలాసార్లు ఎదురైంది. అలాంటి తీగ కొస కొంచెం కత్తిరించి, పంచ్‌డౌన్ పనిముట్టుతో (తీగను గాడిలోకి దించే సాధనంతో) మళ్లీ నొక్కండి; జత మెలికను మాత్రం 13 మిల్లీమీటర్లకు మించి విప్పవద్దు. సాకెట్ మీద ముద్రించిన ఏ, బీ రంగుల వరుసల్లో రెండు చివర్లా ఒకదాన్నే పాటించండి.

రెండు చివర్లూ మళ్లీ బిగించి, కేబుల్ టెస్టర్‌లో (తీగలన్నీ సరిగ్గా కలిశాయో చూపే పరికరంలో) ఎనిమిది దీపాలూ వరుసగా వెలుగుతున్నాయో లేదో చూసేదాకా కొత్త కేబుల్ కోసం గోడ పగలగొట్టవద్దని నా మనవి.