సి భాష నేర్చుకోవడానికి ఏ పుస్తకం కొనాలి?

ప్రశ్న: నేను బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సి భాషకు మా సీనియర్లు ఒక పుస్తకం చెప్పారు, మా మాస్టారు మరొకటి చెప్పారు. ఇంటర్నెట్‌లో మాత్రం చాలామంది కెర్నిఘన్, రిచీల పుస్తకమే చదవమంటున్నారు. అది కొన్నాను గానీ మొదటి అధ్యాయం దాటలేకపోయాను. మా ల్యాబ్‌లో టర్బో సి వాడతాం. మంచి పుస్తకాన్ని గుర్తుపట్టడం ఎలా?
– ఒక విద్యార్థిని, నంద్యాల

జవాబు: మొదటి అధ్యాయం దగ్గర ఆగిపోయినందుకు మీరు దిగులు పడనక్కర్లేదు. బ్రయన్ కెర్నిఘన్, డెనిస్ రిచీ కలిసి రాసిన ‘ద సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ 1978లో వచ్చింది. ఇప్పుడు అంగళ్లలో దొరికేది 1988 నాటి రెండో ఎడిషన్. సి భాషను రూపొందించిన రిచీయే స్వయంగా రాసిన పుస్తకం కనుక దాని ప్రామాణికతకు తిరుగులేదు. అయితే వేరియబుల్, లూప్, ఫంక్షన్ వంటి మౌలిక విషయాలతో పాఠకుడికి కొంత పరిచయం ఉంటుందన్న ఉద్దేశంతోనే దాన్ని రాశామని రచయితలే ముందుమాటలో చెప్పుకున్నారు. అందుకే మొదటి అధ్యాయం పూర్తయ్యేలోపే ఫంక్షన్లు, అర్రేలు (ఒకే రకం విలువల వరుసలు), క్యారెక్టర్లను ఒక్కొక్కటిగా చదివే పద్ధతి అన్నీ వచ్చేస్తాయి. ప్రోగ్రామింగ్‌కే కొత్తవారు దాన్ని రెండో పుస్తకంగా చదవడం మేలు. దాచుకోండి, ఆరు నెలల తర్వాత అదే పుస్తకం మీకు ఎంతో ఇష్టమవుతుంది.

ఇక టర్బో సి సంగతి. అది 1987లో బోర్లాండ్ సంస్థ డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తెచ్చిన కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్. మన కాలేజీల్లో దాన్ని ఇంకా వాడుతున్నందువల్ల మన దగ్గర అమ్ముడయ్యే చాలా పుస్తకాల్లో ప్రతి ప్రోగ్రామూ కోనియో హెడర్ ఫైల్‌తో, వాయిడ్ మెయిన్‌తో, స్క్రీన్ తుడిచే ఫంక్షన్‌తో మొదలవుతుంది. ఆ హెడర్ ఫైలు గానీ ఆ ఫంక్షన్ గానీ సి ప్రమాణంలో, అంటే ఆ భాష నియమాలను నిర్దేశించే అధికారిక పత్రంలో, లేవు. మెయిన్ ఫంక్షన్ ఇంట్ (పూర్ణాంకం) విలువను తిరిగి ఇవ్వాలన్నదే ప్రమాణం చెప్పే పద్ధతి. ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఇంట్ అంటే రెండు బైట్లని, అందులో పట్టే పెద్ద సంఖ్య 32767 అని ఆ పుస్తకాలు సూత్రంలా చెబుతాయి. అది టర్బో సికి నిజం. ఇప్పటి కంప్యూటర్లలో జీసీసీ వంటి కంపైలర్‌తో చూస్తే సాధారణంగా నాలుగు బైట్లు వస్తాయి, పెద్ద సంఖ్య 2147483647 అవుతుంది. పరిమాణం కంపైలర్‌ను, యంత్రాన్ని బట్టి మారుతుందని చెప్పని పుస్తకం మీకు భాషకు బదులు ఒక పాత సాఫ్ట్‌వేర్ అలవాట్లను నేర్పుతున్నట్టే. ల్యాబ్‌లో వాళ్లు అడిగినట్టే రాయండి, మార్కులు ముఖ్యమే. ఇంట్లో మాత్రం జీసీసీ పెట్టుకుని, వార్నింగులన్నీ చూపించే ఆప్షన్‌తో సాధన చేయండి.

అంగట్లో నిలబడి పుస్తకాన్ని పరీక్షించడానికి పావుగంట చాలు. విషయసూచిక చూసి మోసపోవద్దు, అది అన్ని పుస్తకాల్లోనూ ఒకేలా ఉంటుంది. ముందుగా కీబోర్డు నుంచి విలువలు చదివే స్కాన్‌ఎఫ్ ఫంక్షన్‌ను వివరించిన పేజీ తీయండి. వేరియబుల్ పేరు ముందు ఆంపర్‌శాండ్ గుర్తు ‘తప్పనిసరిగా పెట్టాలి’ అని చెప్పి వదిలేశారా, లేక ఫంక్షన్‌కు వెళ్లేది విలువకు నకలే కనుక, అసలు వేరియబుల్‌లో విలువ నింపాలంటే దాని చిరునామా ఇవ్వాలని చెప్పారా చూడండి. కనీసం ‘కారణం పాయింటర్ల అధ్యాయంలో చెబుతాం’ అన్నా సరే (పాయింటర్ అంటే చిరునామాను దాచుకునే వేరియబుల్), ఆ మాట నిలబెట్టుకున్నారో లేదో ఆ అధ్యాయం తిప్పి చూడవచ్చు.

నా దృష్టిలో అసలైన పరీక్ష అర్రేలను ఫంక్షన్‌కు పంపే చోట ఉంటుంది. మెయిన్‌లో పది ఇంట్‌ల అర్రే తీసుకుని సైజాఫ్‌తో దాని పరిమాణం అడిగితే 40 వస్తుంది. అదే అర్రేను ఒక ఫంక్షన్‌కు పంపి, అక్కడ ఆ పరామితి పరిమాణం అడిగితే 64 బిట్ల కంప్యూటర్‌లో 8 వస్తుంది. ఫంక్షన్‌కు చేరేది అర్రే కాదు, దాని మొదటి మూలకాన్ని చూపే పాయింటర్ మాత్రమే కావడమే దీనికి కారణం. ఇక్కడ తడబడని విద్యార్థిని నేను చూడలేదు. ఈ సంగతిని బొమ్మ గీసి, చిన్న ప్రోగ్రామ్ రాసి చూపిన రచయితను మిగతా అధ్యాయాల్లోనూ నమ్మవచ్చు. ‘అర్రే, పాయింటర్ రెండూ ఒకటే’ అని ఒక్క వాక్యంతో తేల్చేసిన పుస్తకాన్ని తిరిగి అరలో పెట్టేయండి.

స్ట్రింగ్‌ల (అక్షరాల వరుసల) అధ్యాయంలో, కీబోర్డు నుంచి ఒక వరుసను చదివే గెట్స్ ఫంక్షన్‌ను వాడారేమో కూడా చూడండి. మనం ఇచ్చిన స్థలం ఎంతో దానికి తెలియదు, ఎంత పొడవైన వరుస వచ్చినా లోపలికి నింపేస్తుంది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన, తనంతట తానే వ్యాపించే మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ వాడుకున్న లోపాల్లో ఇదొకటి. చివరికి 2011 నాటి ప్రమాణంలో ఆ ఫంక్షన్‌ను తొలగించారు. పాత పుస్తకంలో అది ఉండటం సహజమే గానీ, ‘తాజా ఎడిషన్’ అని అట్టమీద వేసుకుని లోపల ఏ హెచ్చరికా లేకుండా దాన్నే నేర్పడం క్షమించరానిది.

అభ్యాసాల విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఒకే వాక్యంలో ఒకే వేరియబుల్‌ను రెండుసార్లు పెంచి ‘జవాబు ఎంత?’ అని అడిగే ప్రశ్నలు కొన్ని పుస్తకాల నిండా ఉంటాయి. వాటికి నిర్ణీతమైన జవాబు ఉండదని ప్రమాణమే చెబుతోంది. అలాంటి వాటిపై గంటలు పోసేకన్నా, బస్సు టికెట్ల మొత్తం లెక్కగట్టమనో, ఒక ఫైలులో పదాలు లెక్కించమనో అడిగే పుస్తకం ఎంతో మేలు చేస్తుంది.

ఒక్క పేరు చెప్పమంటే, కె.ఎన్. కింగ్ రాసిన ‘సి ప్రోగ్రామింగ్: ఎ మోడర్న్ అప్రోచ్’ రెండో ఎడిషన్ (2008) చెబుతాను. అది కొత్తవారి కోసం రాసినది. అధ్యాయాల చివర విద్యార్థులకు సహజంగా వచ్చే సందేహాలకు జవాబులు, ఆపైన అభ్యాసాలు ఉంటాయి. లావుపాటి పుస్తకం, ధర కూడా ఎక్కువే. కాలేజీ లైబ్రరీలో ఉందేమో ముందు అడగండి.

ప్రశ్న: డిగ్రీ వరకు తెలుగు మీడియంలోనే చదివాను. తెలుగులో రాసిన పుస్తకంతో ప్రోగ్రామింగ్ మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నిస్సంకోచంగా మొదలుపెట్టండి. లూప్ ఎలా తిరుగుతుందో, ఫంక్షన్ ఎందుకు కావాలో మాతృభాషలో చదివితే త్వరగా పట్టుబడుతుంది. కానీ కంపైలర్ తప్పులను ఇంగ్లీషులోనే చెబుతుంది కనుక, ఆ మెసేజీలను యథాతథంగా చూపి వివరించిన పుస్తకాన్నే ఎంచుకోండి. ఒక్క సెమికోలన్ మరిచిపోయినా ఒక్కోసారి నాలుగైదు మెసేజీలు వస్తాయి. మొదటిదాన్ని సరిచేసి మళ్లీ కంపైల్ చేస్తే తక్కినవి చాలావరకు వాటంతట అవే పోతాయి. మీకు ఎదురైన ప్రతి మెసేజీనీ, దాని కారణాన్నీ తెలుగులో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వెళ్లండి.

ప్రశ్న: కోఠిలో పాత పుస్తకాల దుకాణంలో ఒక పైథాన్ పుస్తకం చవగ్గా దొరికింది. ఎడిషన్ వివరాలున్న పేజీ చిరిగిపోయింది. పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: లోపలి ప్రోగ్రాముల్లో ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేకుండానే కొటేషన్లు వస్తుంటే అది పైథాన్ 2 పుస్తకం. పైథాన్ 3 విడుదలైంది 2008 డిసెంబరులో. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. ప్రింట్ తేడాను కంప్యూటర్ వెంటనే పట్టిస్తుంది గానీ, భాగహారం దగ్గర ఏ హెచ్చరికా రాదు: 5ను 2తో భాగిస్తే పాత పైథాన్‌లో జవాబు 2 వస్తుంది, కొత్తదానిలో 2.5 వస్తుంది. కాబట్టి దాన్ని పాఠ్యపుస్తకంగా పెట్టుకోవద్దు. పైథాన్ అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే ట్యుటోరియల్ చదువుతూ, ఈ పుస్తకంలోని అభ్యాసాలను మాత్రం పైథాన్ 3లో చేసి చూడండి.